ఎలక్ట్రిక్ స్కూటర్‌కి కొత్త బ్యాటరీ వేయించే ముందు చూసుకోవాల్సినవి

స్కూటర్ మైలేజీ సగానికి పడిపోతే తప్పు బ్యాటరీదే కానక్కర్లేదు, ముందు ఛార్జర్‌ని అనుమానించండి. ఫుల్ ఛార్జ్ చేసి గంట ఆగి, మల్టీమీటర్‌తో ప్యాక్ వోల్టేజీ చూడండి. 48 వోల్టుల ఎన్ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం లిథియం) ప్యాక్ అయితే 54కి కాస్త పైన ఉండాలి. 51 దగ్గరే ఆగిపోతుంటే ఛార్జర్ పాడై ఉండొచ్చు, లేదా ఒక సెల్ గ్రూపు (కలిపి కట్టిన సెల్స్ జట్టు) ముందే నిండి బీఎంఎస్ (ప్యాక్‌ని కాపాడే లోపలి సర్క్యూట్) ఛార్జింగ్ ఆపేస్తుండొచ్చు. వోల్టేజీ సరిగ్గానే ఉండి, బండి ఎక్కగానే చకచకా పడిపోతుంటే మాత్రం సెల్స్ అయిపోయినట్టే.

అసలు ప్రమాదం "48 వోల్టులు" అనే మాటలోనే ఉంది. ఆ పేరుతో మూడు రకాలు దొరుకుతాయి. ఎన్ఎంసీలో 13 సెల్ గ్రూపులు వరుసగా ఉంటాయి, నిండితే 54.6 వోల్టులు. ఎల్ఎఫ్‌పీలో (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) సాధారణంగా 16 గ్రూపులు, నిండితే 58.4. లెడ్ యాసిడ్ అయితే నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు, వాటి ఛార్జర్ దాదాపు 59 దాకా ఇస్తుంది. 58.4 ఛార్జర్‌ని ఎన్ఎంసీ ప్యాక్‌కి పెడితే ఒక్కో సెల్‌కి 4.2 బదులు 4.49 వోల్టులు అందుతాయి. అప్పుడు మంటకీ మీకూ మధ్య ఉండేది బీఎంఎస్ ఒక్కటే. చౌక ప్యాకుల్లో అదే ముందు పోతుంది. ఛార్జర్ పిన్ సరిపోయింది కదా అని పెట్టేయకండి, వెనక లేబుల్ మీద అవుట్‌పుట్ వోల్టేజీ చదవండి. లెడ్ యాసిడ్ నుంచి లిథియంకి మారితే పాత ఛార్జర్‌ని ఇంట్లోనే ఉంచొద్దు. ఇంకెవరో తెలియక పెట్టేస్తారు.

కొనడానికి మొదటి చోటు బండి తయారుచేసిన కంపెనీ సర్వీస్ సెంటరే. అది మూతపడితే ప్యాక్‌లు అమ్మే వేరే కంపెనీ దగ్గరికి వెళ్లి, ఆ మోడల్‌కి ఏఐఎస్-156 (ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రతా ప్రమాణం) టెస్ట్ రిపోర్టు చూపించమనండి. ఈ ప్రమాణంలో కఠినమైన సవరణలు 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. అంతకు ముందటి రిపోర్టు చాలదు. సెల్ మీద ఐఎస్ 16046 (సెల్స్ భద్రతా ప్రమాణం) కింద ఇచ్చే ఆర్ నంబరు (రిజిస్ట్రేషన్ నంబరు) ఉంటే, భారతీయ ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ప్యాక్ మీది సీరియల్ నంబరు జీఎస్టీ బిల్లులోనూ ఉండాలి, లేకపోతే గ్యారంటీ కాగితానికి విలువ లేదు. బీఎంఎస్ ఆంపియర్లు కంట్రోలర్ (మోటారుకి కరెంటు అందించే పెట్టె) గరిష్ఠ ఆంపియర్ల కంటే ఎక్కువ ఉండాలి.

కెపాసిటీలో మోసాన్ని ఇంట్లోనే పట్టొచ్చు. ప్లగ్‌కీ ఛార్జర్‌కీ మధ్య చిన్న ఎనర్జీ మీటర్ పెట్టండి. 48 వోల్టులు 24 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ప్యాక్ ఖాళీ నుంచి నిండేసరికి సుమారు 1.2 నుంచి 1.4 యూనిట్లు తినాలి. 0.8 దగ్గరే నిండిందంటే లేబుల్ అబద్ధం.

చచ్చిన సెల్స్ వరకే మార్చి ఇస్తామంటే ఒప్పుకోకండి. పాత, కొత్త సెల్స్ కలిస్తే బలహీన గ్రూపు ప్రతిసారీ ముందే నిండుతుంది, ముందే ఖాళీ అవుతుంది. సెల్‌కి నేరుగా సోల్డరింగ్ చేసే చోట ప్యాక్ కట్టించకండి. ఆ వేడికి లోపలి సెపరేటర్ (పాజిటివ్, నెగటివ్ తగలకుండా ఆపే పల్చటి పొర) దెబ్బతింటుంది, స్పాట్ వెల్డింగే ఉండాలి.

ఎండలో తిరిగొచ్చాక కనీసం అరగంట చల్లారనిచ్చి ఛార్జింగ్ పెట్టండి. పడకగదిలో, మెట్ల కింద, గుమ్మం దగ్గర వద్దే వద్దు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఈ-బైక్ షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. పొగ మెట్ల దారినే పైకి కమ్మేసింది. బయటికి పోయే దారికి అడ్డం లేని గచ్చు నేల చూసుకోండి. మనుషులు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జ్ చేయండి.

ప్యాక్ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా, బుసబుసమన్నా దాన్ని మోయకండి. వీలైతే మెయిన్ ఆపండి, అందరినీ బయటికి పంపి తలుపు మూసి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఆ పొగ విషం. మంట ఆరాక కూడా గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు, అందుకే ప్యాక్‌ని ఇంట్లోకి తేవొద్దు.

పాత ప్యాక్‌ని పాత సామాన్ల వాడికి అమ్మకండి. 2022 బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. టెర్మినళ్లకి ఇన్సులేషన్ టేపు చుట్టి, కొత్తది కొన్న చోటే అప్పగించి రసీదు తీసుకోండి.