రెయిడ్ డిస్కులను ఖాళీ సమయంలో తనిఖీ చేయించడం ఎలా?

లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో (పలు డిస్కులను ఒకటిగా కలిపి వాడే ఏర్పాటు) ఫైళ్లు దాచుకునేవారు నెలకోసారి డిస్కులన్నింటినీ మొదటి నుంచి చివరిదాకా చదివించి తీరాలి. ఏళ్లుగా ఎవరూ తెరవని ఫైలు ఉన్న సెక్టారు (డిస్కులోని చిన్న భాగం) పాడైనా బయటికి తెలియదు. ఒక డిస్కు పోయినా మిగిలినవాటి నుంచి డేటాను తిరిగి లెక్కగట్టేది రెయిడ్ 5. అందులో ఒక డిస్కు పోయిన రోజున, మిగిలినవాటిలో అలాంటి సెక్టారు ఉంటే ఆ డేటా ఇక దక్కదు.

రూట్ (నిర్వాహకుడి) అనుమతి, తాజా బ్యాకప్ ఉంటే చాలు. రెయిడ్ స్థితిని చూపే ఎమ్‌డీస్టాట్‌లో డిస్కులన్నీ పనిచేస్తున్నాయని చూసుకుని, రెయిడ్‌కు ఆజ్ఞలిచ్చే సింక్ యాక్షన్ ఫైలులో ‘చెక్’ అని రాయండి. తనిఖీ మొదలవుతుంది. శనివారం రాత్రి మొదలుపెట్టండి, మరో రోజు వద్దు.

అందరూ చెడగొట్టేది వేగం దగ్గరే. తనిఖీ వేగానికి రెండు హద్దులుంటాయి. కనిష్ఠం మామూలుగా సెకనుకు 1,000 కిలోబైట్లు, గరిష్ఠం 2,00,000. డిస్కులకు వేరే పని లేనప్పుడు తనిఖీ గరిష్ఠం వైపు పరుగెడుతుంది. ఎవరైనా ఫైలు అడగగానే కనిష్ఠం వైపు తగ్గుతుంది. అంటే కనిష్ఠం అనేది ఎంత రద్దీలోనైనా తనిఖీ వదులుకోని వాటా. త్వరగా ముగించాలని దాన్ని లక్షకు పెంచేవారిని చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఫోల్డరు తెరుచుకోవడానికే నిమిషం పట్టిందంటే తప్పు డిస్కులది కాదు.

అలాగని 1,000 దగ్గరే వదిలేయడమూ సరికాదు. ఎప్పుడూ రద్దీగా ఉండే సర్వరులో 4 టెరాబైట్ల డిస్కు ఆ వేగంతో పూర్తి కావడానికి దాదాపు 46 రోజులు పడుతుంది. ఈలోగా వచ్చే నెల తనిఖీ గడువు దాటిపోతుంది. ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో వాడే హార్డ్ డిస్కులకు కనిష్ఠం 10,000 పెట్టండి. గరిష్ఠాన్ని ముట్టుకోకండి.

ప్రోగ్రాము ప్రాధాన్యాన్ని తగ్గించే ‘నైస్’ విలువ 19 పెడితే చాలనేవారి మాట వినకండి. అది ప్రాసెసర్ వంతును మాత్రమే తగ్గిస్తుంది. పారిటీ (పోయిన డేటాను తిరిగి పొందడానికి దాచే అదనపు సమాచారం) లెక్క నేటి ప్రాసెసర్లకు తేలిక. అసలు పోటీ డిస్కు హెడ్డు కోసం. ప్రాసెసర్ తొంభై శాతం ఖాళీగా ఉన్నా డిస్కు ఊపిరాడకుండా ఉండవచ్చు. కాబట్టి లోడు కొలిచేటప్పుడు డిస్కుల రద్దీని చూపే ‘ఐఓస్టాట్’ చూడండి, ‘టాప్’లోని ప్రాసెసర్ శాతం కాదు.

తనిఖీ ముగిశాక మిస్‌మ్యాచ్ కౌంట్ (డిస్కుల మధ్య పొంతన కుదరని చోట్ల లెక్క) చూడండి. ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఉంచే రెయిడ్ 1 మీద స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు స్థలం) ఉంటే కొంత సంఖ్య కనిపించడం మామూలే. రెయిడ్ 5, 6లలో సున్నా కాకపోతే వెంటనే ‘రిపేర్’ అని రాయకండి. డేటా తప్పో, పారిటీ తప్పో రిపేర్ తేల్చదు, డేటానే నమ్మి పారిటీని తిరగరాస్తుంది. ముందు స్మార్ట్ నివేదిక (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చేది), కేబుళ్లు, మెమరీ పరీక్షించి, ముఖ్యమైన ఫైళ్లను బ్యాకప్‌తో పోల్చిన తర్వాతే ఆ ఆజ్ఞ ఇవ్వండి.