సబ్‌వూఫర్ ఆంప్లిఫయర్ కట్టడం, 3వ పాఠం: రెండు చానళ్లు, ఒకటే ఇన్‌పుట్

పోయిన పాఠంలో బోర్డుకు పవర్ సప్లై కలిపి హమ్ (గుయ్‌మనే శబ్దం) లేదని చూసుకున్నాం. ఇక సిగ్నల్ ఇవ్వాలి. ప్రీఆంప్ (ఆంప్‌కు ముందు సిగ్నల్‌ను సిద్ధం చేసే పరికరం) నుంచి వచ్చేవి ఎడమ, కుడి రెండు. సబ్‌వూఫర్ ఆంప్‌కు ఉన్నది ఒకటే ఇన్‌పుట్.

చాలామంది చేతికి మొదట తగిలేది వై కేబుల్. అది ఒక అవుట్‌పుట్‌ను రెండు చోట్లకు పంచడానికి పనికొస్తుంది, రెండు అవుట్‌పుట్‌లను కలపడానికి కాదు. ఎడమ చానల్ 1 వోల్టు ఇస్తున్నప్పుడు కుడిది సున్నా దగ్గర ఉందనుకోండి. ప్రీఆంప్ లోపల ఒక్కో అవుట్‌పుట్‌కు 100 ఓమ్‌ల రెజిస్టరే ఉంటే 5 మిల్లీఆంపియర్లు ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి పారతాయి. చిప్ కాలకపోవచ్చు, డిస్టార్షన్ (శబ్దం వికృతం కావడం) మాత్రం పెరుగుతుంది. అంతకన్నా నష్టం ఇంకోటుంది: అవే అవుట్‌పుట్‌లు పెద్ద స్పీకర్లకూ వెళ్తుంటే అక్కడ కూడా స్టీరియో పోయి మోనో అవుతుంది. శబ్దం వస్తూనే ఉంటుంది కాబట్టి ఈ తప్పు నెలల తరబడి దొరకదు.

కావలసినవి 4.7 కిలోఓమ్ రెజిస్టర్లు రెండు. పావు వాట్ చాలు, ఒక శాతం రకమైతే మేలు. ఎడమ సిగ్నల్ వైరుకు ఒకటి, కుడి వైరుకు ఒకటి సోల్డర్ చేసి, వాటి రెండో కొసలను కలిపి ఆంప్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. గ్రౌండ్లు మూడూ నేరుగా కలవాలి, వాటిలో రెజిస్టర్ ఉండకూడదు. రెజిస్టర్లను ఆంప్ వైపు కొసలోనే పెట్టండి. వాటి ముందున్న పొడవాటి వైరు తక్కువ ఇంపీడెన్స్‌తో (ఏసీ సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధంతో) నడుస్తుంది, హమ్ తక్కువగా పట్టుకుంటుంది.

4.7 కిలోఓమే ఎందుకు? ప్రీఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 100 ఓమ్‌లైతే ఒక చానల్ నుంచి రెండోదానిలోకి కారేది 95వ వంతు, అంటే దాదాపు 40 డెసిబెళ్లు కింద. వినపడదు. 470 ఓమ్‌లు వేస్తే ఈ కారుడు 20 డెసిబెళ్లు కింద మాత్రమే ఉంటుంది, అంటే ఎక్కువవుతుంది. అలాగని 47 కిలోఓమ్ వేస్తే, 10 కిలోఓమ్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్‌లో పదిన్నర డెసిబెళ్లు పోతాయి. 4.7తో పోయేది రెండు డెసిబెళ్లలోపే, గెయిన్ కాస్త తిప్పితే సరి.

పవర్ ఇచ్చే ముందు, ఏ పరికరానికీ కలపకుండా మల్టీమీటర్ పెట్టండి. ఎడమ ప్లగ్గు నడిమి పిన్నుకూ కుడి ప్లగ్గు నడిమి పిన్నుకూ మధ్య 9.4 కిలోఓమ్ రావాలి. ఏ నడిమి పిన్ను నుంచి గ్రౌండ్‌కు చూసినా ఓపెన్ (కనెక్షన్ లేదని) చూపాలి. సున్నాకు దగ్గరగా చూపితే షీల్డ్ (వైరు చుట్టూ ఉండే గ్రౌండ్ తీగల అల్లిక) పోగు ఎక్కడో తగులుతోంది.

తర్వాత 50 హెర్ట్జ్ మోనో టోన్ పెట్టి ఒక ప్లగ్గు తీసేయండి. శబ్దం కొద్దిగా తగ్గాలి, లేదా దాదాపు అలాగే ఉండాలి. బాగా పెరిగితే ఒక చానల్ ఫేజ్ తిరగబడి (సిగ్నల్ ప్లస్, మైనస్ తారుమారై) ఉంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి.

ఇదంతా లైన్ లెవెల్ అవుట్‌పుట్‌లకే (ప్రీఆంప్ ఇచ్చే లాంటి చిన్న సిగ్నళ్లకే). స్పీకర్ టెర్మినళ్లకు ఇలా కలపొద్దు: బ్రిడ్జ్ రకం (స్పీకర్ రెండు కొసలనూ నడిపే) ఆంప్‌లలో నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు, దాన్ని గ్రౌండ్‌కు తగిలిస్తే అవుట్‌పుట్ దశ పోతుంది.

ప్రీఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 1 కిలోఓమ్ దాటితే ఈ రెండు రెజిస్టర్లు చాలవు, కారుడు 20 డెసిబెళ్లు కింద మాత్రమే ఉంటుంది. దానికి ఆప్‌ఆంప్ (చిన్న ఆంప్లిఫయర్ చిప్) సమ్మింగ్ సర్క్యూట్, అంటే సిగ్నళ్లను కలిపే సర్క్యూట్, కావాలి. 4వ పాఠానికి ఒక టీఎల్072 ఆప్‌ఆంప్ చిప్, 10 కిలోఓమ్ రెజిస్టర్లు నాలుగు, 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు సిద్ధం చేసుకోండి.