బుడ్డోడి నిద్ర చెడకుండా, పెద్దపిల్లల చదువు ఆగకుండా: ఒకే ఇంట్లో రెండూ జరగాలంటే ఎలా?

ఏడాదిన్నర దాటి మూడేళ్లు నిండని బుడ్డోడు ఒకడు, బడి, ట్యూషన్ అంటూ పరుగెత్తే పెద్దపిల్లలు ఇద్దరు. ఇలాంటి ఇంట్లో సాయంత్రం 5 నుంచి రాత్రి 9 దాకా ఎవరి పనీ ఒక కొలిక్కి రాదు. అక్క లెక్కలు తీసేసరికి వీడు కంపాస్ బాక్స్ ఎత్తుకెళ్తాడు. అన్న చదివిందే చదువుతుంటాడు, అమ్మ కుక్కర్ ముందు నిలబడి అందరి మీదా కేకలేస్తుంటుంది.

చాలా ఇళ్లలో పెద్దపిల్లల టైంటేబుల్ ముందు రాసుకుని, మిగిలిన ఖాళీల్లో చిన్నవాణ్ణి సర్దుతారు. తంటా అంతా అక్కడే మొదలవుతుంది. ట్యూషన్ మాస్టారిని అడిగితే అరగంట జరుపుతారు. రెండేళ్లవాడి నిద్రను, ఆకలిని మాత్రం ఎవరూ జరపలేరు. అందుకే ముందు వాడి వేళలు ఖాయం చేసి, మిగతావాళ్లవి వాటి చుట్టూ అమర్చాలి.

1. ముందు చిన్నవాడి వేళలు రాయండి

పాత క్యాలెండర్ కాగితం వెనక నిలువుగా గంటలు, అడ్డంగా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక గడి గీయండి. బుడ్డోడి గడిలో నాలుగే రాయాలి: లేచే వేళ, మధ్యాహ్నం నిద్ర, రాత్రి అన్నం, రాత్రి నిద్ర.

ఏడాది నిండినప్పటి నుంచి మూడో పుట్టినరోజు దాకా పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 15 నుంచి 18 నెలల మధ్య చాలామంది పగలు రెండుసార్లు పడుకోవడం మానేసి ఒక్కసారికి వస్తారు. ఉదయం 6.30కి లేవడం, 12.30 నుంచి 2.30 దాకా పడుకోవడం, రాత్రి 8.30కి నిద్రపోవడం అనుకుంటే మొత్తం 12 గంటలు. ఎక్కువ ఇళ్లకు ఈ లెక్క సరిపోతుంది. మధ్యాహ్నం ఎంత ఆలస్యంగా పడుకున్నా 3 గంటలకు లేపేయాలి. 4 దాకా పడుకోనిస్తే రాత్రి 10 అయినా కళ్లు మూయడు, పెద్దవాళ్ల చదువు వేళ కూడా వాడికే పోతుంది.

ఆ తర్వాత స్కూల్ బస్సు, ట్యూషన్, డ్యాన్స్ క్లాసు వేళలు రాసి, వాడి వేళలతో ఎక్కడ ఢీకొంటున్నాయో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి. సాధారణంగా రెండే చోట్ల ఢీకొంటాయి: బడి నుంచి తీసుకొచ్చే వేళ, సాయంత్రం ట్యూషన్‌కి దింపే వేళ.

2. స్కూటర్ మీద కునుకు పట్టకుండా చూడండి

పెద్దపిల్లల్ని తీసుకురావడానికి 4 గంటలకు బుడ్డోణ్ణీ వెంట తీసుకెళ్తారు. గాలి తగలగానే వాడు నిద్రలోకి జారుకుంటాడు. అది పది నిమిషాల కునుకే. కానీ ఆ పది నిమిషాలు రాత్రి నిద్రను గంటో గంటన్నరో వెనక్కి నెట్టేస్తాయి.

వీలైతే ఆ వేళకు వాణ్ణి ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంచండి. తీసుకెళ్లక తప్పకపోతే మధ్యాహ్నం నిద్ర 1 గంటకు ముందే మొదలయ్యేలా చూడండి. ఆ వేళను ఒక్క రోజులో మార్చాలంటే కుదరదు, రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున జరపాలి. బయల్దేరే ముందు అరటిపండో, ఇడ్లీ ముక్కో పెట్టండి. బండి నడుస్తుండగా మాత్రం ఏమీ తినిపించకూడదు, కుదుపుకు గొంతులో అడ్డుపడుతుంది.

ఇంకో సంగతి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్లాలంటే నడిపేవారికి కట్టే సేఫ్టీ బెల్టు, పిల్లవాడి తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కి.మీ. దాటకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి ఇది దేశమంతటా నిబంధన. బుడ్డోణ్ణి ముందు నిలబెట్టుకుని, వెనక ఇద్దరు బడిపిల్లల్ని ఎక్కించుకోవడం ఊళ్లో అందరూ చేసేదే అయినా, చేయదగిన పని కాదు.

3. పెద్దపిల్లల సామాను వాడికి అందకుండా సర్దండి

చిన్నపిల్లలున్న ఇంట్లో కత్తులు, మందులు దాచాలని అందరికీ తెలుసు. పెద్దపిల్లల స్కూల్ బ్యాగు మీదికి మాత్రం ఎవరి దృష్టీ పోదు. వృత్తలేఖిని ముల్లు, షార్ప్‌నర్ బ్లేడు, పెన్ను మూత, వైట్‌నర్, ఫెవిక్విక్, రూపాయి బిళ్లలు అన్నీ అందులోనే ఉంటాయి.

రెండేళ్లవాడి ఎత్తు దాదాపు 85 సెం.మీ. మునివేళ్ల మీద లేచి చెయ్యి చాపితే మీటరు దాకా అందుకుంటాడు. చదువుకునే బల్ల ఎత్తు 75 సెం.మీ. మాత్రమే కాబట్టి దాని మీద పెట్టిందంతా వాడిదే. గోడకు కనీసం నాలుగున్నర అడుగుల ఎత్తున ఒక అర, బ్యాగులకు మేకులు కొట్టించండి. చదువు అయిపోగానే కుర్చీని బల్ల కిందికి తోసేయడం పెద్దపిల్లలకు అలవాటు చేయండి. కుర్చీ దొరికితే వాడికి ఇంకో అడుగున్నర ఎత్తు కలిసొచ్చినట్టే. రికార్డులు, చార్టులు, ప్రాజెక్టులు బీరువా పైన అట్టపెట్టెలో ఉండాలి. రేపు ఇవ్వాల్సిన రికార్డు ఈ రాత్రి చిరిగితే వచ్చే గొడవతో పోలిస్తే ఆ పెట్టె ఖర్చు ఒక లెక్కా?

అన్నిటికన్నా భయపడాల్సింది బిళ్లలాంటి చిన్న బ్యాటరీకి. సీఆర్ 2032 అనే రకం సరిగ్గా 20 మి.మీ. వెడల్పుంటుంది. చిన్న రిమోట్లలో, బరువు తూచే మిషన్లలో, లైటు వెలిగే బొమ్మల్లో ఇలాంటివి వాడతారు. మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, అన్నం పెట్టకుండా, 108కి ఫోన్ చేసో, సొంత బండిలోనో ఎక్స్‌రే ఉన్న పెద్ద ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. ఏడాది దాటిన పిల్లవాడు గుటక వేయగలుగుతుంటే, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో ప్రతి 10 నిమిషాలకు రెండు చిన్న చెంచాల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించకూడదు. తేనె దొరకలేదని మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు. బ్యాటరీ అర మూతకు స్క్రూ లేని వస్తువేదైనా ఉంటే మూత మీద గట్టి టేపు రెండు చుట్లు వేయండి.

బాత్రూం మాట. పెద్దపిల్లలు హడావుడిగా స్నానం చేసి బకెట్‌లో సగం నీళ్లు వదిలేసి వస్తారు. తల బరువుకు ముందుకు పడిన పసివాడు తిరిగి లేవలేడు, మునగడానికి జానెడు లోతు కూడా అక్కర్లేదు. చివర స్నానం చేసినవాళ్లు బకెట్ బోర్లించి, తలుపు బయట గడియ వేసి రావాలి. నీళ్లు కాచే హీటర్ రాడ్ వాడే ఇళ్లలో దాన్ని పెట్టడం, తీయడం పెద్దవాళ్లే చేయాలి, పిల్లలకు అప్పగించకూడదు. లోపలి గడియ వాడికి అందే ఎత్తులో ఉంటే తీయించి పైకి బిగించండి. లోపల గడియ పెట్టుకుని ఏడ్చే రెండేళ్లవాడికి బయట నుంచి ఎలా తీయాలో చెప్పడం ఎవరి తరమూ కాదు.

4. ఇంటికి రాగానే మొదటి పది నిమిషాలు వాడికే

ఆఫీసు నుంచో, బడి నుంచో ఎవరు వచ్చినా బ్యాగు దించి, చేతులు కడుక్కుని, ఫోను పక్కన పెట్టి పది నిమిషాలు వాడితో నేల మీద కూర్చోవాలి. "ఇప్పుడే వస్తా నాన్నా, ఉండు" అంటూ వంటింట్లోకి పోతే వాడు గంటసేపు కాళ్లకు చుట్టుకుంటాడు. పది నిమిషాలు నిండుగా దొరికితే ఆ తర్వాత ఇరవై నిమిషాలైనా తన ఆటలో తాను పడతాడు.

అక్క, అన్న చదువుకు కూర్చునే సమయానికి వాడికీ "చదువు" ఉండాలి. అదే గదిలో నేల మీద చాప, నిరుటి నోట్‌బుక్, చేతినిండా పట్టే లావు క్రేయాన్లు రెండు చాలు. డజను ఇస్తే గీయడం మానేసి విసిరే ఆట మొదలెడతాడు. వంటింట్లో కింది అర ఒకటి ఖాళీ చేసి స్టీలు గిన్నెలు, మూతలు, ప్లాస్టిక్ డబ్బాలు వాడికి వదిలేయండి. చప్పుడు వస్తుంది, రానివ్వండి. ఉన్న బొమ్మల్ని మూడు భాగాలు చేసి రెండు అటకెక్కించి, వారానికోసారి మార్చండి. కొత్తవి కొనాల్సిన పనే ఉండదు.

అక్క చదువుకోవాలని వాడి చేతికి ఫోను ఇస్తే రెండు రకాలుగా నష్టం. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దనీ, రెండు దాటాక రోజుకు గంటకు మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పైగా పాట వినిపించగానే అక్క కళ్లు కూడా అటే పోతాయి. హోంవర్కు వచ్చేదీ అదే ఫోనుకైతే ఇక లాగులాటే.

5. "కాస్త తమ్ముణ్ణి చూడు" అనకండి

ఎంతసేపు, ఎక్కడ, ఏం చేయాలి? మూడూ చెప్పి అప్పగించాలి. "స్రవంతీ, 6.10 నుంచి 6.30 దాకా హాల్లో తమ్ముడు నీ దగ్గర, గేటు వేసే ఉంచు" అంటే పిల్లకు అర్థమవుతుంది. 20 నిమిషాలు కాగానే మీరే వచ్చి తీసుకోవాలి. ఒక్కసారి ఇరవై కాస్తా గంట అయిందంటే రెండోసారి ఆ పిల్ల ట్యూషన్ పేరు చెప్పి తప్పించుకుంటుంది. తప్పు పిల్లది కాదు.

పదేళ్ల లోపు పిల్లలతో చిన్నవాణ్ణి ఎత్తుకుని మెట్లు దిగమనవద్దు. స్నానం చేయించడం, రోడ్డు దాటించడం, బాల్కనీలో ఆడించడం, మందు వేయడం ఏ వయసు పిల్లలకూ అప్పగించకండి. అమ్మాయి ఉంటే చాలు, ఈ పనంతా ఆమె నెత్తిన పడే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. అబ్బాయి పేరు కూడా కాగితం మీద రాసి గోడకు అంటించండి. పరీక్షలప్పుడు మాత్రం పదో తరగతి, ఇంటర్ పిల్లల్ని ఈ వంతుల నుంచి పూర్తిగా తప్పించాలి.

6. ఒకే కుక్కర్‌లో ఇద్దరికీ వండండి

పప్పు ఉడికి మెదిపాక, కారం, తాలింపు పడకముందే పెద్ద గరిటెడు చిన్న గిన్నెలోకి తీసిపెట్టండి. అందులో మెత్తటి అన్నం నాలుగైదు చెంచాలు, నెయ్యి ఒక చిన్న చెంచా, వేలితో నలిగేంత ఉడికిన క్యారెట్టో సొరకాయో కలిపితే బుడ్డోడి రాత్రి భోజనం అయిపోయినట్టే. 7 గంటలకు పెట్టేయాలి. పెద్దపిల్లలతో కలిసి తినాలని 8.30 దాకా ఆపితే నిద్ర ముంచుకొచ్చి కంచం తోసేస్తాడు.

తినడం లేదని 6 గంటలకు గ్లాసుడు పాలు పట్టేవాళ్లు ఎక్కువ. అన్నం తినకపోవడానికి ఆ పాలే కారణం. ఈ వయసులో రోజు మొత్తానికి అర లీటరు పాలు మించితే ఆకలి చచ్చిపోతుంది, ఇనుము తగ్గి రక్తహీనత రావచ్చు.

చదువుకుంటూ పెద్దపిల్లలు నమిలే వేరుశనగపప్పు, పుట్నాలు, పాప్‌కార్న్ చిన్నవాడి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. అవి తినేది బల్ల దగ్గర కాదు, వంటింట్లో నిలబడి. ద్రాక్ష పళ్లను నిలువుగా నాలుగు ముక్కలు కోసి ఇవ్వాలి.

7. పుస్తకం చించాడు, కొరికాడు: ఏం చేయాలి?

"చిన్నోడు కదే, నువ్వే సర్దుకో" అనే మాట పెద్దపిల్లకు వాడి మీద కోపం పెంచుతుంది. ముందు నష్టపోయినవాళ్ల వైపు తిరగండి. చిరిగిన పేజీకి టేపు మీరే అంటించండి, తిరిగి రాయాల్సి వస్తే పక్కన కూర్చోండి. బుడ్డోడికి మూడే మాటలు: "పుస్తకం చించకూడదు, కన్నా." వాడి చేతికి పాత పేపరు ఇచ్చి "ఇది చించుకో" అనండి. అంతకన్నా పెద్ద ఉపన్యాసం ఇస్తే వాడికి అర్థం కాదు, అందరూ తన వైపు చూస్తున్నారన్న సంబరం మాత్రం మిగులుతుంది.

కొరికితే కూడా కొరికించుకున్నవాళ్లనే మొదట దగ్గరికి తీసుకోవాలి. తిరిగి కొరికి చూపించడం, అన్నతో కొట్టించడం వద్దు. వారంలో రెండు మూడు సార్లు ఒకే వేళకు కొరుకుతుంటే నిద్ర, ఆకలి చూడండి, చాలాసార్లు రాత్రి అన్నానికి ముందే జరుగుతుంటుంది.

8. రాత్రి 8 దాటాక

8 గంటలకు హాల్లో పెద్ద లైటు ఆపేయండి. ఒళ్లు తుడిచి, పళ్లు తోమి, ఒక బొమ్మల పుస్తకమో పాటో అయ్యాక 8.30కి పక్క ఎక్కించాలి. రోజూ ఇదే వరస. వాడు పడుకున్నాక పెద్దపిల్లలకు ఇరవై నిమిషాలు ఇవ్వండి. మార్కుల గురించి అడగవద్దు, వాళ్లు చెప్పేది వినండి. యూనిఫాం, సాక్సులు, ఐడీ కార్డు, నీళ్ల సీసా రాత్రే మేకుకు తగిలించేస్తే ఉదయం 6.30కి వాడు లేచేసరికి వెతుకులాట ఉండదు.

ఒంటిపూట బడులప్పుడు

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే ఈ లెక్క తలకిందులవుతుంది. 12.30కి బడి వదులుతారు, పిల్లలు 1 గంటకు ఇల్లు చేరతారు. సరిగ్గా బుడ్డోడు అప్పుడే కళ్లు మూసి ఉంటాడు. బెల్లు మోగుతుంది, ఆ రోజు నిద్ర గోవిందా. అందుకే వారం ముందు నుంచే వాడి నిద్రను నెమ్మదిగా 11.45కి జరపండి, లేదంటే పెద్దపిల్లలు అన్నం తిన్నాక 1.30కి జరపండి. 1.30 అయితే 3కి లేపడం మరిచిపోవద్దు. 12 నుంచి 2 దాకా కాలింగ్ బెల్ స్విచ్ ఆపేసి, పెద్దమ్మాయి చేతికి ఒక తాళం చెవి ఇవ్వండి. చెప్పులు గేటు బయటే విడవాలనీ, ఫ్రిజ్ తలుపు మెల్లగా వేయాలనీ ముందు రోజే చెప్పాలి. కొరియర్ కుర్రాడికి కూడా ఫోను చేయమని తలుపు మీద చీటీ అంటించండి.