ముందు ఆది జాకెట్టు చూసుకోండి: పిల్లల పెంపకం గురించి ఒక టైలరు చెప్పే మాటలు

విశాఖపట్నం కంచరపాలెంలో మా ముందుగదే నా షాపు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ మేకులకి వేలాడే కస్టమర్ల సంచులు. పద్దెనిమిదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మా టైలర్లందరికీ వచ్చిన అబద్ధం ఒకటుంది. పెళ్ళి రేపనగా "మా జాకెట్టు అయ్యిందా అమ్మా?" అని ఫోన్ వస్తుంది. అప్పటికి గుడ్డకి కత్తెర కూడా తగిలి ఉండదు. "అయిపోయిందండీ, హుక్కులు కుట్టడమే ఉంది" అంటాం.

నిరుడు శ్రావణమాసం రద్దీలో నేను మిషను మీద ఉంటే లోపలి గదిలోంచి మావాడి గొంతు వినిపించింది. ఇంటర్లో ఉన్నాడు. ఫిజిక్సు సారుతో మాట్లాడుతున్నాడు. "రికార్డు అయిపోయింది సార్, ఇండెక్సు రాయడమే ఉంది." ఆ సాగదీత, చివర్లో ఆ చిన్న నవ్వు, అచ్చంగా నావే. లేచి వెళ్ళి రికార్డు తెరిచి చూశాను. మూడో ప్రయోగం తర్వాత అన్నీ తెల్ల కాయితాలే. కొడదామని చెయ్యి లేచింది. "నువ్వు చెప్పవా?" అన్నాడు. చెయ్యి దానంతటదే దిగిపోయింది.

షాపుకి వచ్చే ఆడవాళ్ళందరిదీ ఒకటే గోడు, ఫోన్లొచ్చి పిల్లలు పాడైపోయారని. నేనూ వాళ్ళకి తాళం వేసేదాన్ని. కానీ ఈ అబద్ధం మావాడు ఏ రీల్లోనూ చూడలేదు కదా. మా పనిలో ఆది జాకెట్టు అని ఉంటుంది. కస్టమరు తనకి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తెచ్చిస్తే, దాని కొలతలు పట్టి కొత్తది కత్తిరిస్తాం. నోటితో ఎన్ని చెప్పినా మా చెయ్యి పోయేది ఆదిని బట్టే. ఆదిలో భుజం జారితే కొత్తదాంట్లోనూ జారుతుంది. పిల్లలకి మన మాటలు నోటితో చెప్పిన కొలతలు. మనం ఆది.

ఇదే సంగతి యూనివర్సిటీలో సైకాలజీ చదివే అమ్మాయి ఒకతి, జాకెట్టు కోసం కూర్చున్నప్పుడు, ఇంకోలా చెప్పింది. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా అనే ఆయన 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడట. కొందరి ముందు ఒక పెద్దమనిషి గాలి బొమ్మని కొట్టి, తిట్టి చూపించాడు. తర్వాత ఆ పిల్లల్ని బొమ్మ దగ్గర వదిలితే, వాళ్ళూ కొట్టారు, ఆ తిట్లే తిట్టారు. కొట్టమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. తర్వాత సినిమాలో చూపించినా అంతేనట. ఇల్లూ తెరా రెండూ ఆదులే అన్నమాట. తెర సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇల్లు.

పాత బిల్లు పుస్తకం ఒకటి తీసుకోండి. ఒక వారం పిల్లల్ని ఏమీ దిద్దకండి. ఇంట్లో వాళ్ళు రోజూ వినేవీ చూసేవీ మాత్రం రాసుకోండి. మంచివి రాయక్కర్లేదు, అవి మనకి ఎలాగూ గుర్తుంటాయి. నా పుస్తకంలో నాలుగు తేలాయి. చీటీ డబ్బుల మనిషి వస్తే పిల్లతో "నాన్న లేరని చెప్పు" అనడం. అన్నం తిన్నాక మావాడి కంచం వాడి చెల్లెలు తియ్యడం. పిల్ల రంగు గురించి మా అత్త మాటలు. నాలుగోది స్టీలు గ్లాసు. అది నేనైతే రాసేదాన్ని కాదు, పిల్లే రాయించింది.

మార్గశిరమాసంలో గురువారం నాడు నేనూ పిల్లా బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్తాం. చలిలో చీకటితోనే లేచి లైన్లో నిలబడతాం. చూసినవాళ్ళకి తెలుసు, అక్కడ అమ్మవారికి పైకప్పు లేదు. ఎవరైనా సరే, అమ్మవారికి తన చేత్తో తనే పసుపు కుంకుమ పెట్టొచ్చు. ఆ రోజు ఇంటికొచ్చేసరికి వీధి ఊడ్చే ఆవిడ మంచినీళ్ళు అడిగింది. కిటికీ మీద ఆవిడ కోసం విడిగా పెట్టిన గ్లాసు ఉంది. అలవాటుగా దాంట్లోనే పోసిచ్చాను. మా పిల్ల చేతికి ఇంకా పసుపు ఉంది. "అమ్మా, ఇందాక లైన్లో ఈవిడ మన ముందే ఉంది కదా. అమ్మవారిని ముట్టుకుంది. మన గ్లాసు ముట్టుకోకూడదా?" అంది.

మా అత్త లోపల్నుంచి, "ఏటి మాటలే ఇవి? అది అమ్మోరు, ఇది ఇల్లు" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఇలాంటప్పుడు పిల్లల్ని "నోర్ముయ్" అనకండి. జవాబు లేకపోతే లేదని ఒప్పుకోండి. నేను "నాకూ తెలీదే" అన్నాను, మర్నాటి నుంచి ఆవిడకి ఇంట్లో గ్లాసుతోనే ఇచ్చాను. మా అత్త దాన్ని చింతపండేసి రెండుసార్లు తోమింది. ఇప్పటికీ ఆ గ్లాసులో తాగదు. పిల్లలు తాగుతారు. ఆచారాలు పిల్లలకి అంటగట్టాలని చూసేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. గుడికి తీసుకెళ్ళండి, పండగలు చెయ్యండి, కానీ అక్కడ చూసినదాన్ని ఇంటికి తెచ్చి అడిగితే తయారుగా ఉండండి.

ఇక ఫోను. మావాడి ఫోను లాక్కుని బియ్యం డ్రమ్ములో దాచాను ఒకసారి. మూడు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాను. వాడు రోజూ సాయంత్రం స్నేహితుడి మేడ మీద వాడి ఫోన్లో చూసుకుంటున్నాడని నాలుగో రోజు తెలిసింది. ఇంట్లో చూస్తే కనీసం నాకు వినిపించేది, ఇప్పుడు అదీ లేదు. డ్రమ్ములోంచి తీసి, బియ్యం దులిపి ఇచ్చేశాను.

తర్వాత వేరే పని చేశాను. రాత్రి భోజనాలయ్యాక అరగంట వాడి పక్కన కూర్చుని, వాడు చూసేదే చూశాను. మీరూ చెయ్యండి, కానీ ఒక షరతు: మొదటి నాలుగు రోజులు నోరెత్తకూడదు. పెదవి విరవడం కూడా మాట కిందే లెక్క. నాలుగు రోజుల్లో నేను చూసినవి: బీచ్ రోడ్డు మీద బండి ముందు చక్రం లేపేవాళ్ళు, పెళ్ళాన్ని వెటకారం చేసే కామెడీలు, వంటలు (ఇవి బావున్నాయి, ఒక పనసకాయ కూర నేర్చుకున్నాను), పెద్ద కారు పక్కన నిలబడి "ఇరవై ఏళ్ళకే నెలకి లక్షలు" అనే కుర్రాడు. మావాడికి ఆ కుర్రాడు దేవుడు.

అయిదో రోజు ఒక్క ప్రశ్న అడిగాను, నిజంగానే తెలియక. "వీడికి డబ్బులు ఎవరిస్తారు?" మావాడు గంటసేపు చెప్పాడు, వ్యూస్ అనీ, ప్రమోషన్లనీ. చెప్తూ చెప్తూ వాడే ఆగాడు. "అంటే మనకి కోర్సు అమ్మితేనే వాడికి డబ్బులొస్తాయి" అన్నాడు. నేను అదే మాట అని ఉంటే లేచి వెళ్ళిపోయేవాడు. డబ్బు తీసుకుని చెప్పే వీడియో మీద అది ప్రకటన అని రాయాలని 2021లో మన దేశంలో ప్రకటనల మండలి నియమం పెట్టింది. "పెయిడ్ పార్ట్‌నర్‌షిప్" అనే చిన్న అక్షరాలు ఎక్కడున్నాయో వెతకడం ఇప్పుడు మా ఇంట్లో ఒక ఆట. రాయాల్సిన చోట రాయనివాళ్ళని పట్టుకోవడం పిల్లకి ఇంకా సరదా.

సెట్టింగుల్లో నేను చేసింది తక్కువే. యూట్యూబులో ఆటోప్లే ఆపించాను. వాచ్ హిస్టరీ కూడా చెరిపేసి ఆపేస్తే తెరవగానే కనిపించే వీడియోల వరస ఖాళీ అయిపోతుంది, అప్పుడు కావలసింది వెతుక్కుని చూడాలి. నచ్చనిదాని మీద "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కడం నేర్పండి. ఇన్‌స్టాగ్రామ్ లెక్క ప్రకారం పదమూడేళ్ళు నిండకుండా అకౌంటు ఉండకూడదు, పుట్టిన సంవత్సరం మార్చి మీరే తెరిచి ఇవ్వకండి. అలా ఇస్తే పిల్లకి మొదటి పాఠం మళ్ళీ హుక్కులదే.

రంగు సంగతి చెప్పాలి. మా పిల్ల స్కూల్లో కబడ్డీ ఆడుతుంది. ఎండలోంచి రాగానే మా అత్త, "ఓలమ్మో, గుంట నల్లబడిపోనాదే, దీన్నెవుడు సేసుకుంటాడు" అంటుంది. ప్రేమగానే అంటుంది, మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి మరీ అంటుంది. ఒకరోజు పిల్ల సంచిలో ఏదో క్రీము దొరికింది. ఏడు రోజుల్లో తెలుపు అని ఎవరో వీడియోలో చెప్తే, నేనిచ్చిన టిఫిన్ డబ్బులు దాచి కొనుక్కుంది. నేను వీడియోని తిట్టాను. తర్వాత ఆలోచిస్తే, ఆ వీడియో కొత్తగా ఏం చెప్పింది? మా ఇంట్లో పునాది ఎప్పుడో పడింది, వీడియో వచ్చి గోడ కట్టుకుంది. ఫెయిర్ అండ్ లవ్లీ పేరు 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద మాట మారింది, మా ఇంట్లో మారలేదు.

పెద్దవాళ్ళని మార్చాలని చూడకండి, అవమానపడతారు. నేను అత్తతో, "మీరు పెళ్ళినాటికి ఏం రంగు అత్తా?" అని పిల్ల ముందే అడిగాను. ఆవిడ చాలాసేపు చెప్పింది. పెళ్ళిచూపుల్లో ముఖానికి ఎవరు పౌడరు ఎక్కువ రాశారో, దానికి ఎవరు నవ్వారో, ఆ నవ్వు ఎన్నాళ్ళు గుర్తుందో. చెప్పేటప్పుడు గొంతు కాస్త మారింది. పిల్ల వింటూ కూర్చుంది. ఆ తర్వాత కూడా అత్త ఆ మాట అంటుంది, కాకపోతే సగంలో ఆపేస్తుంది.

సినిమాల సంగతి రెండు ముక్కల్లో. 2024 నుంచి యూఏ సర్టిఫికెట్టు మీద 7+, 13+, 16+ అని వేస్తున్నారు, జగదాంబ థియేటరు వైపు బయల్దేరే ముందు అది చూసుకోండి. అసలు పని మాత్రం తిరిగొచ్చేటప్పుడు బస్టాపులో ఉంటుంది. హీరో అమ్మాయి వెంటపడే సీను గురించి నేనడిగితే మావాడు "అది సినిమా అమ్మా" అన్నాడు. "మా స్కూలు గేటు దగ్గర వాళ్ళు కూడా సినిమాలోలాగే చేస్తారు" అంది వాడి చెల్లెలు. వాడు బస్సు వచ్చేదాకా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, పొడిగించి ఉంటే చెడిపోయేది.

ఇంటి కథలు చెప్పండి, కానీ మనల్ని మనమే పొగిడేసుకునే కథలు కాదు. మా ఇంట్లో హుద్‌హుద్ తుఫాను కథ ఉంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. పైన రేకులు లేచిపోయాయి, మా వీధికి తొమ్మిదో రోజుకి గాని కరెంటు రాలేదు. నాది కాలితో తొక్కే మిషను కాబట్టి పగలంతా చిరిగిన టార్పాలిన్లు కుట్టి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు. జనరేటరున్నాయన ఒకడు వీధి వాళ్ళందరి ఫోన్లూ ఊరికే ఛార్జి చేసిపెట్టాడు. కొవ్వొత్తులు మూడు రెట్లకి అమ్మినవాళ్ళూ ఉన్నారు. ఇంతవరకే ఏళ్ళ తరబడి చెప్పుకున్నాం.

చెప్పనిది ఒకటుంది. మూడో రోజు పక్కింటావిడ బిందె పట్టుకొచ్చి నీళ్ళున్నాయా అంటే, మంచం కింద రెండు బిందెలు పెట్టుకుని లేవన్నాను. అప్పటికి పిల్ల చంకలో ఉంది, భయపడ్డాను. రికార్డు గొడవ అయిన వారానికి అది కూడా పిల్లలకి చెప్పాను. మావాడికి అప్పుడు ఆరేళ్ళు. "నాకు గుర్తుంది. మంచం కింద దాక్కుని ఆడుకుంటుంటే తలకి బిందె తగిలింది" అన్నాడు. పదకొండేళ్ళుగా వాడికి తెలుసు.

అందుకే మా ఇంట్లో ఒక మాట పెట్టుకున్నాం. ఎవరు ఎవరి అబద్ధం పట్టుకున్నా గట్టిగా అరవక్కర్లేదు, "హుక్కులు" అంటే చాలు. పెద్దవాళ్ళని కూడా అనొచ్చు, అన్నందుకు తిట్టకూడదు. ఈ రెండోది లేకపోతే మొదటిది వారంలో చచ్చిపోతుంది. మా ఆయనకి ఇది నచ్చలేదు, పిల్లల దగ్గర లోకువైపోతామన్నాడు. చీటీ మనిషి వచ్చిన రోజు పిల్ల అరుగు మీద నిలబడి నాన్న వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆయనే బయటికి వెళ్ళి "పదో తారీకు దాకా ఆగండి" అని చెప్పొచ్చాడు.

కస్టమర్లకి కూడా ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్తున్నాను. "ఇంకా కత్తిరించలేదండీ, ఎల్లుండి సాయంత్రం ఇస్తాను." ఇద్దరు వచ్చి గుడ్డ వెనక్కి తీసుకుని ఎదుటి షాపుకి వెళ్ళారు. అక్కడ వాళ్ళకి ఏం చెప్పారో నాకు తెలుసు.

నిన్న మా చెల్లి ఫోన్ చేసింది, గృహప్రవేశానికి ఇంకా రాలేదేమని. ఒక చేత్తో జడ వేసుకుంటూ "దార్లోనే ఉన్నామే, ఎన్‌ఏడీ జంక్షన్ దాటాం" అన్నాను. లోపలి గదిలోంచి రెండు గొంతులు ఒకేసారి వచ్చాయి.