ఆపరేషన్ తర్వాత ఇంట్లో – పాఠం 3: ‘ఎప్పటికి మామూలవుతారు?’

గత రెండు పాఠాల్లో డిశ్చార్జ్ సమ్మరీ చదవడం, మందుల చీటీని రోజువారీ పట్టికగా రాసుకోవడం చూశాం. ఈసారి కావలసింది ఒక నోట్‌బుక్, పెన్ను, గోడ మీది క్యాలెండర్. ఉదాహరణకు గుండె బైపాస్ ఆపరేషన్ తీసుకుంటున్నాను. మోకాలి మార్పిడికో పేగు ఆపరేషన్‌కో అంకెలు వేరుగా ఉంటాయి గానీ పద్ధతి ఇదే.

ఒక మనిషిని ఊహించుకుందాం. విశాఖ గాజువాకలో ఇల్లు, స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం, వయసు 56. బైపాస్ చేయించుకుని వారం తర్వాత ఇంటికి వచ్చారు. చూడ్డానికొచ్చిన చుట్టం మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, “ఇంకా పడుకునే ఉన్నావేటి బావా? మా తోడల్లుడు పది రోజులకే బండి నడిపీసాడు” అంటాడు. కాఫీ తాగి ఆయన వెళ్లిపోతాడు, ఇంట్లో టెన్షన్ మిగులుతుంది.

ఆ తోడల్లుడికి వేసింది స్టెంట్. మణికట్టు దగ్గరో గజ్జల దగ్గరో రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి పని ముగిస్తారు, ఎముక జోలికి పోరు. బైపాస్‌లో సాధారణంగా రొమ్ము ఎముకను నిలువునా కోసి తెరుస్తారు, పని అయ్యాక స్టీలు తీగలతో బిగించి కడతారు. ఈ రెండిటికీ పోలికే లేదు. కాబట్టి ఈ పాఠంలో మొదటి సాధన: ఎవరైనా తాము కోలుకున్న కథ చెప్పినప్పుడు ‘ఎన్ని రోజులకు’ అన్నది తర్వాత, ముందు ‘ఏ ఆపరేషన్, వయసెంత, షుగర్ ఉందా’ అని అడగండి. వీటికి జవాబు రాకపోతే ఆ కథను నోట్‌బుక్‌లోకి రానివ్వకండి.

ఇక అసలు పని. ‘ఎప్పటికి మామూలవుతారు?’ అని డాక్టర్‌ని అడిగితే ‘రెండు మూడు నెలలు’ అంటారు. ఆ మాట నిజమే. కానీ దాన్ని పట్టుకుని రేపు పొద్దున స్నానానికి ఎవరైనా తోడుండాలా వద్దా అన్నది తేల్చుకోలేం. అందుకే ప్రశ్నను నాలుగుగా విడగొట్టండి. పైగాయం ఎప్పుడు మానుతుంది? ఎముక ఎప్పుడు అతుకుతుంది? ఓపిక ఎప్పుడొస్తుంది? మనసు ఎప్పుడు కుదుటపడుతుంది? ఒక్కోదానికి ఒక్కో పేజీ కేటాయించండి.

గాయం పేజీ తొందరగా నిండుతుంది. పైచర్మం చాలామందికి రెండు మూడు వారాల్లో మూసుకుంటుంది. బైపాస్ కోసం కాలి నుంచి సిర తీసి ఉంటే ఆ కాలు కొన్ని వారాలపాటు వాస్తుంది. కూర్చున్నప్పుడు స్టూల్ మీద ఎత్తుగా పెట్టుకోవాలి. ఛాతీ ఎడమవైపు మొద్దుబారినట్టు ఉండటం నెలల తరబడి సాగవచ్చు, ఛాతీ లోపలి ధమనిని గుండెకు వాడినవాళ్లలో ఇది మామూలే. ఇదే పేజీలో తిండి గురించీ రాసుకోండి, ఎందుకంటే మన ఇళ్లలో గొడవంతా ఇక్కడే. పప్పు తింటే చీము పడుతుందని పెద్దవాళ్లు ఆపేస్తారు. అది నమ్మకమే తప్ప నిజం కాదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప మానేసి చారన్నంతో నెల గడిపితే మానడం ఇంకా ఆలస్యమవుతుంది. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఎంత తినాలో డాక్టర్‌నే అడగాలి.

ఎముక పేజీ మీద ఎక్కువసేపు కూర్చోండి. రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు, పొగతాగేవాళ్లకు ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఇక్కడ చిక్కేమిటంటే నొప్పి ముందే తగ్గిపోతుంది. నాలుగో వారానికి మనిషి తేలిగ్గా తిరుగుతుంటాడు, ‘నాకేం కాలేదు’ అనిపిస్తుంది, వెళ్లి 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తబోతాడు. అది 20 కిలోలు. ఆ వారాల్లో ఎత్తదగినది రెండు మూడు కిలోలు, మహా అయితే నాలుగు. అంటే పాల ప్యాకెట్లు సరే, ఐదు కిలోల బియ్యం సంచి కాదు, మనవరాలు అసలే కాదు. స్కూటర్‌కు సెంటర్ స్టాండ్ వేయడం, రోలింగ్ షట్టర్ లాగడం, మంచం మీద నుంచి చేతులతో బలంగా తోసుకుంటూ లేవడం కూడా బరువు ఎత్తడం కిందే లెక్క. దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోవాలి. బండి నడపడం ఆరు వారాల ముందు వద్దు, ఆ తర్వాత కూడా డాక్టర్ సరేనన్నాకే.

ఓపిక పేజీలో తేదీలు రాయకండి, నిమిషాలు రాయండి. మొదటి వారం ఇంట్లోనే ఐదేసి నిమిషాల నడక, రోజుకు నాలుగైదు సార్లు. తర్వాత రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగుతుంటే తగ్గించాలి. విశాఖలో ఇంకో సంగతి ఉంది. ఊరంతా ఎత్తుపల్లాలే. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో పది నిమిషాలు, ఆర్కే బీచ్ దగ్గర పది నిమిషాలు ఒకటి కావు. మొదటి నెల చదును నేల మీదే నడవండి. ఇల్లు ఎత్తులో ఉంటే వీధి దాకా దిగకుండా డాబా మీద తిరిగినా చాలు, మెట్లు నెమ్మదిగా ఎక్కగలిగితేనే. ఎండాకాలం సముద్రపు ఉక్కలో తొమ్మిది దాటాక నడవడం అంటే కోరి నీరసం తెచ్చుకోవడమే.

ఈ పేజీలో కచ్చితంగా కనిపించేది ఒకటుంది. సోమవారం 15 నిమిషాలు నడిచిన మనిషి మంగళవారం ఐదు నిమిషాలకే కూలబడతాడు. ఇల్లంతా బెంబేలెత్తిపోతుంది. ఈ రోజును నిన్నటితో పోల్చకండి, పోయిన వారం ఇదే రోజుతో పోల్చండి. వారం మీద వారం పెరుగుతుంటే మధ్యలో పడిన రోజును పట్టించుకోనక్కర్లేదు.

మొక్కుల సంగతీ ఈ పేజీలోకే వస్తుంది. ఆపరేషన్ బాగా జరిగితే ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నవాళ్లు ఉంటారు. అది 32 కిలోమీటర్లు. వైశాఖంలో బైపాస్ అయితే ఆ ఆషాఢానికి కుదరదు, వచ్చే ఏడాదికి డాక్టర్‌ని అడిగి చూసుకోవాలి. వడ్డీ కాసులు వసూలు చేసేది తిరుపతి వెంకన్న గానీ మన సింహాచలం అప్పన్న కాదు. ఈలోగా వాహనంలో కొండపైకి వెళ్లి దర్శనం చేసుకోవచ్చు.

నాలుగో పేజీని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నిద్ర పట్టకపోవడం, చిన్నమాటకే కన్నీళ్లు రావడం, పేపర్ చదివితే రెండు పేరాలకే మనసు జారిపోవడం, అన్నం రుచించకపోవడం, ఇవన్నీ మొదటి వారాల్లో ఎదురయ్యేవే. ‘ఇంత ఖర్చు పెట్టి బతికించుకుంటే ఏడుస్తారేమిటండీ’ అనడం వల్ల ఒరిగేదేమీ లేదు. దిగులు రెండు వారాలకు మించి సాగినా, రోజురోజుకూ ముదిరినా, బతకాలని లేదన్న మాట వచ్చినా, డాక్టర్‌కు చెప్పాలి. చివరిదైతే ఆ రోజే.

నెమ్మదిగా కోలుకోవడం వేరు, ప్రమాదం వేరు. ఈ కొన్ని మాటలు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి: 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గాయంలో చీము లేదా పెరిగే ఎరుపు, కదిలితే రొమ్ము ఎముక టక్కుమనడం, ఒక పిక్కలో మాత్రమే నొప్పి, వాపు, ఒక్క రోజులో కిలోకు పైగా లేదా వారంలో రెండు కిలోలకు పైగా బరువు పెరగడం. వీటికి అదే రోజు ఫోన్. కూర్చున్నా ఆయాసం, ఛాతీలో బిగుతు, స్పృహ తప్పడం, మాట తడబడటం, ఒకవైపు చేయి పడిపోవడం కనిపిస్తే 108. బరువు తెలియాలంటే రోజూ పొద్దున్నే టిఫిన్‌కు ముందు, ఒకే కాటా మీద చూసుకోవాలి.

ఇప్పుడు అభ్యాసం. మన గాజువాక ఆయన క్యాలెండర్ మీద ‘జూన్ 1 నుంచి డ్యూటీ’ అని రాసుకున్నారు. దీన్ని తిరగరాయాలి. సూత్రం ఇదీ: తేదీ బదులు ఒక పరిధి, దాని పక్కన ఒక షరతు, షరతు తీరకపోతే ఏం చేయాలో. నా జవాబు ఇలా ఉంటుంది: ‘కుర్చీలో కూర్చుని చేసే పనైతే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, చదును నేల మీద అరగంట ఆగకుండా నడవగలిగితే. బరువులు, వేడి ఉన్న విభాగమైతే మూడు నెలలు, ఆ పైన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చాకే. అప్పటికీ కుదరకపోతే కొన్నాళ్లు తేలిక పని, సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) లేకుండా అడగాలి.’

మిగతా మూడూ మీరు రాయండి: ‘రెండు వారాల్లో వంటింట్లోకి వస్తాను’, ‘దసరాకి అమ్మాయి వాళ్లింటికి హైదరాబాద్ వెళ్తాం’, ‘నెల తిరిగేసరికి పాత మనిషినైపోతాను’. మూడోదానికి పరిధి దొరకడం కష్టం. ముందు దాన్ని నాలుగు పేజీల్లోకి విడగొట్టి చూడండి.

రాసిన కాగితాన్ని రివ్యూకి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే, కాబట్టి ‘ఎలా ఉంటుంది డాక్టర్‌గారూ’ అని మొదలుపెట్టకుండా కాగితం ముందు పెట్టి ‘ఇందులో ఏది దిద్దాలి?’ అని అడగండి. తర్వాతి పాఠం చూడ్డానికొచ్చే చుట్టాలకు వేళలు పెట్టడం గురించి.