పాత జర్మన్ కూపేతో రోజూ – 4వ పాఠం: ఇంజన్ వేడి మీద ఓ కన్ను

పోయిన పాఠంలో ఇంజన్ ఆయిల్ సంగతి అయిపోయింది. డిప్‌స్టిక్ తీసి చూసుకోవడం ఇంకా అలవాటు కాకపోతే ఓ వారం ఆగి ఆ పాఠమే మళ్లీ చేయండి, తొందరేం లేదు.

విశాఖలో పాత కారు అనగానే అందరూ తుప్పు గురించే అడుగుతారు. సముద్రపు గాలి కాబట్టి ఆ భయం సహజమే. కానీ మనం ఉదాహరణగా తీసుకున్న రెండో తరం ఆడి టీటీ (2006లో వచ్చిన రెండు తలుపుల కూపే) బాడీలో ముందు భాగం అల్యూమినియం, స్టీలు ఎక్కువగా వెనకవైపే ఉంటుంది. పైగా తుప్పు ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది, మనకు టైమిస్తుంది. వేడి అలా టైమివ్వదు. మే నెల మధ్యాహ్నం మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పైపు ఒకటి ఊడిపోయి, మీరు గమనించకుండా ఏసీ వేసుకుని ఇసుకతోట దాటి వెళ్లిపోయారంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికి, కింది భాగానికి మధ్య ఉండే సీలు) పోవడానికి, సిలిండర్ హెడ్ వంగిపోవడానికి ఆ కొద్ది నిమిషాలు చాలు. ఆ తర్వాత వచ్చే బిల్లు చూసే చాలామంది ఈ కార్లను అమ్మేస్తారు. అందుకే ఈ పాఠమంతా కూలింగ్ మీదే.

ముందుగా మీరు నమ్మడం మానేయాల్సిన వస్తువు ఒకటుంది, అది మీటర్‌లోని టెంపరేచర్ ముల్లు. ఆడి కూడా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ఆ ముల్లు 90 దగ్గర నిటారుగా నిలబడి ఉంటుంది. ఇంజన్ అసలు వేడి సుమారు 75 నుంచి 107 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ముల్లు మాత్రం 90 దగ్గరే ఉండేలా కంపెనీవాళ్లే పెట్టారు. ట్రాఫిక్‌లో వేడి కాస్త పెరిగినప్పుడల్లా ముల్లు కదిలితే డ్రైవర్ కంగారు పడతాడని అలా చేశారు. అంతకుముందు తరం చాలా బీఎండబ్ల్యూల్లో కూడా ఇదే పద్ధతి. కొత్త కారుకు ఇది ఇబ్బంది కాదు. పదిహేనేళ్ల కారుకు మాత్రం ప్రమాదం, ఎందుకంటే ముల్లు కదిలిందంటే వ్యవహారం అప్పటికే చెయ్యి దాటుతోందని అర్థం.

దీనికి మందు చిన్నదే. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ (ఇంజన్ కంప్యూటర్ వివరాలు చదివే చోటు) ఉంటుంది, దానికి పెట్టే బ్లూటూత్ అడాప్టర్ ఒకటి కొనుక్కోండి. ఫోన్‌లో యాప్ పెట్టుకుని అందులో కూలెంట్ టెంపరేచర్ తెరవండి, ఇక అసలు అంకె కనబడుతుంది. నడుపుతూ ఫోన్ వంక చూడొద్దు, మొదట్లో పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఆయనతో చదివించుకోండి.

ఇప్పుడు ఆ అంకెను అర్థం చేసుకోవడం నేర్చుకుందాం, ఈ పాఠానికి ప్రాణం ఇదే. పొద్దున్నే బీచ్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా ఒకే వేగంతో వెళ్లండి, అంకె ఒకచోట స్థిరపడి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ ఆడుతుంది. అది మీ బండి మామూలు అంకె, రాసి పెట్టుకోండి. తర్వాత సాయంత్రం ఎన్ఏడీ జంక్షన్ రద్దీలోకి వెళ్లండి. ఆగి ఉన్నప్పుడు అంకె మెల్లగా ఎక్కుతుంది, ఒక చోటికి రాగానే ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, అంకె మళ్లీ దిగుతుంది. ఎక్కడం తప్పు కాదు, దిగకపోవడమే తప్పు. మూడోది హనుమంతవాక నుంచి ఎండాడ ఎత్తు, ఏసీ వేసి ఎక్కండి.

ఈ మూడు చోట్లా ఏం జరిగిందో తెలిస్తే రోగం సగం దొరికినట్టే. ఆగినప్పుడు మాత్రమే వేడెక్కి, బండి కదలగానే చల్లబడుతుంటే అనుమానం ఫ్యాన్ మీద, లేదంటే దాని కంట్రోల్ మాడ్యూల్ మీద. వేగంలోనో ఎత్తులోనో ఎక్కుతుంటే కూలెంట్ తగ్గి ఉండాలి, లేకపోతే రేడియేటర్ పూడిపోవడమో, వాటర్ పంప్ బలహీనపడడమో, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) సరిగా తెరుచుకోకపోవడమో అయి ఉండాలి. ఇంకో రకం ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు: ఆనందపురం వైపు హైవే మీద అంకె 80 కంటే బాగా కిందికి పడిపోయి, సిటీలోకి రాగానే మామూలైపోతే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందన్నమాట. చల్లగా ఉంటే మంచిదేగా అనుకోకండి, ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల కూడా పెరుగుతుంది.

ఇక కూలెంట్ చూడడం. పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే, బానెట్ ఎత్తి గుండ్రటి ట్యాంకులో మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉందో లేదో చూడండి. వేడి మీద ఆ మూత జోలికి అస్సలు పోవద్దు, ప్రెషర్ కుక్కర్ మూతను ఆవిరి పోకముందే తీసినట్టే అవుతుంది. ఆ ప్రెషర్ ఉండడం అవసరం కూడా. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతాయి, మూత పట్టి ఉంచిన ప్రెషర్ వల్ల అది 120 దాటుతుంది. మూతలోని వాల్వ్ అరిగిపోతే ఆ రక్షణంతా పోతుంది. ఈ మూత కొత్తది వేయించుకోవడానికి ఏమీ ఆలోచించకండి.

"మన ఊళ్లో మంచు పడదు కదా, యాంటీఫ్రీజ్ ఎందుకు, నీళ్లు చాలు" అని షెడ్డులో ఎవరో ఒకరు అంటారు. వద్దని గట్టిగా చెప్పండి. కూలెంట్ చేసే పని గడ్డకట్టకుండా ఆపడం ఒక్కటే కాదు, లోపలి అల్యూమినియాన్ని తినేయకుండా కాపాడేది అదే. బోరు నీళ్లు పోస్తే ఇంట్లో గీజర్ రాడ్డుకు పట్టే తెల్లటి పొరే సన్నటి రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఈ కార్లకు జీ12 లేదా జీ13 రకం కూలెంట్, గులాబీ లేదా ఊదా రంగులో ఉంటుంది. రంగు చూసి కొనొద్దు, డబ్బా మీద ఫోక్స్‌వ్యాగన్ స్పెసిఫికేషన్ చూసి కొనండి. ఏదో ఆకుపచ్చది కలిపి పోస్తే లోపల గోధుమరంగు బురద తయారయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పుడు టార్చ్ తీసుకోండి. పైపు వెళ్లి ప్లాస్టిక్ మూతికి తగులుకునే ప్రతి చోటా ఆగి చూడండి. కారడం అంటే చుక్కలు పడాలని లేదు. వేడికి నీరు ఆవిరైపోయి గులాబీ రంగు పొడి ఒకటి అంచు చుట్టూ పేరుకుంటుంది, గోటితో గీరితే ఊడివస్తుంది. అది కనబడిందంటే లీకు మొదలైనట్టే, నేల పొడిగా ఉన్నా సరే. పైపును రెండు వేళ్లతో నొక్కి చూడండి, క్లిప్పు పక్కన రబ్బరు మెత్తగా ఉబ్బినా, నొక్కితే చిటపటమన్నా మార్చేయాల్సిందే. ఈ బండ్లలో థర్మోస్టాట్ హౌసింగ్, పైపుల జాయింట్లు చాలావరకు ప్లాస్టిక్. ప్లాస్టిక్ కిలోమీటర్లను లెక్కచేయదు, వేడెక్కడం చల్లారడం ఎన్నేళ్లుగా జరిగిందన్నదే దానికి లెక్క. కాబట్టి "నలభై వేలే తిరిగింది సార్" అన్న మాటకు ఈ విషయంలో విలువ లేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పదేళ్లు దాటిన బండి కొంటే వీల్స్, స్టీరియో అన్నీ తర్వాత, ముందు పైపులు, థర్మోస్టాట్, పంప్, మూత కొత్తవి వేయించండి.

పంప్ అన్నాను కాబట్టి ఒక మాట. టీటీలో మొదట వచ్చిన 200 హార్స్‌పవర్ 2.0 టర్బో ఇంజన్‌లో వాటర్ పంప్‌ను తిప్పేది టైమింగ్ బెల్టే (ఇంజన్ వాల్వ్‌లను వేళకు తెరిపించే బెల్ట్). బెల్ట్ మార్చినప్పుడు పంప్ కూడా మార్చకపోతే కొన్నాళ్లకు అదే పని, అదే కూలీ మళ్లీ. తర్వాత వచ్చిన 211 హార్స్‌పవర్ ఇంజన్‌లో టైమింగ్ చెయిన్ ఉంటుంది, అందులో పంప్ హౌసింగ్ ప్లాస్టిక్, కారడంలో దానికి పేరుంది. మీది ఏ ఇంజనో తెలియకుండా పార్ట్ ఆర్డర్ చేయొద్దు.

రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే సన్నటి రెక్కల జాలీ) ఉంటుంది. కాన్వెంట్ జంక్షన్, పోర్టు రోడ్డు వైపు రోజూ తిరిగేవాళ్లకు ఆ నల్లటి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, అది ఉప్పు తేమతో కలిసి రెక్కల మధ్య పట్టేస్తుంది. మామూలు గార్డెన్ పైపుతో, సన్నటి ధారతో కడగండి. వాటర్ సర్వీసింగ్ షెడ్డులో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టనివ్వొద్దు, ఆ రెక్కలు వంగిపోతే గాలి ఆగిపోతుంది.

బండి ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతుంటే, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ "సార్, ఆఫ్ చేయడం మర్చిపోయారు" అంటూ వస్తే, కంగారు వద్దు. టర్బోను చల్లార్చడానికి ఒక చిన్న ఎలక్ట్రిక్ పంప్ కూడా అప్పుడు పనిచేస్తుంటుంది.

దారిలో అంకె 110 దాటి ఎక్కుతూనే ఉంటే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్‌గా పెట్టి అద్దాలు దించండి, పక్కకు తీసి ఆపేయండి. హీటర్ కూడా చిన్న రేడియేటరే, ఎంతో కొంత వేడి లాగుతుంది. మీటర్‌లో కూలెంట్ ఎర్ర లైటు వెలిగితే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ఇంజన్ ఆఫ్. ఇల్లు కిలోమీటరు దూరమే ఉన్నా సరే, టో చేయించుకోండి.

ఈ వారం పని: మూడు రోడ్ల మీద మూడు అంకెలు రాయండి, ట్యాంకు మీద ఈ రోజు మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. వచ్చే వారం అదే పొద్దుట, అదే చోట నిలిపి చూడండి. గీత కిందికి దిగి, బయట ఎక్కడా గులాబీ పొడి కనబడకపోతే పక్క సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిసిందేమో తడిమి చూడండి (హీటర్ కారితే అక్కడే తడుస్తుంది), అది కూడా పొడిగా ఉంటే మెకానిక్‌తో కూలింగ్ ప్రెషర్ టెస్ట్ చేయించండి. కూలెంట్ మార్చాల్సి వస్తే లోపలి గాలి ఎలా తీస్తారో ముందే అడగండి, "దానంతట అదే పోతుంది" అని జవాబొస్తే వేరే షెడ్డు చూసుకోండి. 5వ పాఠం గేర్‌బాక్స్ ఆయిల్ మీద. ఈ టెస్ట్ తేలాకే దాంట్లోకి రండి.