మొదటి సేఫ్టీ రేజర్: బ్లేడు విప్పే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మా మేనల్లుడు ఈ ఏడాదే డిగ్రీలో చేరాడు. ఆన్‌లైన్‌లో ఒక స్టీలు రేజర్ తెప్పించుకుని, మర్నాడు పొద్దున కాలేజీ బస్సుకి టైమవుతుంటే గబగబా గీసేసుకుని, దవడ కింద గాటు మీద దూది అంటించుకున్న ఫోటో నాకు పంపాడు. "మామయ్యా, ఇది నాకు పడేలా లేదు" అని కింద ఒక ముక్క. రేజర్‌లో లోపం లేదు, బ్లేడూ మంచిదే. చిక్కంతా వాడు ఇన్నాళ్ళూ వాడిన కార్ట్రిడ్జ్ రేజర్, అంటే బ్లేడ్లు బిగించి వచ్చే తలని మొత్తంగా మార్చే రకం, నేర్పిన అలవాటుతోనే. దాని తల అటూ ఇటూ ఆడుతుంది, నొక్కినా ముఖం వంపుకి తగ్గట్టు తనే వంగుతుంది, కాబట్టి చెయ్యి నొక్కడానికి అలవాటు పడిపోతుంది. వాడు తెప్పించుకున్నది డబుల్ ఎడ్జ్ రేజర్, అంటే రెండు వైపులా పదునున్న పల్చటి బ్లేడు పెట్టే సేఫ్టీ రేజర్. దానికి ఆ వంగే తల లేదు, నొక్కితే తెగుతుంది. అందుకే వాడికి మొదట చెప్పిందీ, మీకు మొదట చెప్పేదీ ఒకటే: నొక్కొద్దు.

పేరులో సేఫ్టీ ఉందని చాలామంది ధైర్యపడతారు. 1904లో అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ తన రేజర్‌కి పేటెంట్ తీసుకునే నాటికి ఎక్కువమంది గీసుకునేది మంగలి కత్తి లాంటి పొడుగు కత్తితోనే. దానితో పోలిస్తే, అంచు కింద ఒక కమ్మీ అడ్డం ఉండి బ్లేడు కొద్దిగా మాత్రమే బయటికి వచ్చే ఈ రేజర్ సేఫ్. ఆ మాటకి అంతవరకే అర్థం.

కొనేటప్పుడు ముందు ఆ కమ్మీ చూడండి. బ్లేడు కింద అంచు నున్నగా, గీతలా ఉంటే క్లోజ్డ్ కోంబ్, దువ్వెన పళ్ళలా ఉంటే ఓపెన్ కోంబ్. మొదటిది ఎప్పుడూ క్లోజ్డ్ కోంబే తీసుకోండి. ఎడ్విన్ జాగర్ డీఈ89, మ్యూలే ఆర్89, మెర్కుర్ 34సీ లాంటివి కొత్తవాళ్ళకి నప్పుతాయి. అదే మ్యూలే కంపెనీ ఆర్41 పళ్ళున్న రకం, చాలా దూకుడుగా కోస్తుంది, పేరు దగ్గరగా ఉంది కదా అని దాన్ని మొదటి రేజర్‌గా ఆర్డర్ పెట్టకండి. ఇంత డబ్బు పెట్టలేం అనుకుంటే మన దేశపు బ్రాండ్లలో తక్కువ ధరవి ఉన్నాయి, నిజానికి నేర్చుకోవడానికి అవి చాలు, కాకపోతే కొన్నాక ఒక పరీక్ష చెయ్యాలి. బ్లేడు పెట్టి బిగించి, వెలుతురులో కళ్ళకి ఎదురుగా పట్టుకుని చూస్తే రెండు వైపులా అంచు సమానంగా బయటికి రావాలి. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ వస్తే విప్పి మళ్ళీ బిగించండి, అప్పటికీ అలాగే ఉంటే తిరిగి ఇచ్చేయండి, సర్దుకోవద్దు.

నాన్నల కాలంలో ఎక్కువ ఇళ్ళలో ఉన్నది కింద మర తిప్పితే పైన రెండు రెక్కలు తలుపుల్లా తెరుచుకునే రకం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, బ్లేడు మార్చడం తేలిక. కానీ బోరు నీళ్ళు వాడే ఊళ్ళలో ఆ మరలో తెల్లటి పొర పట్టి బిగుసుకుపోతుంది, రెక్కలు పూర్తిగా మూసుకోక బ్లేడు వదులుగా ఆడుతుంది, ఆడే బ్లేడంత ప్రమాదం ఇంకోటి లేదు. అటకమీద నాన్న రేజర్ దొరికితే వాడండి, తప్పేం లేదు, ముందు వెనిగర్ కలిపిన నీళ్ళలో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమి, రెక్కలు గట్టిగా మూసుకుంటున్నాయో లేదో చూసుకోండి. నా ఓటు మాత్రం పైమూత, మధ్య పలక, పిడి విడివిడిగా వచ్చే మూడు ముక్కల రకానికే.

బ్లేడు విషయంలో ఒక సుఖం ఉంది. కొలత అంతటా ఒకటే, సుమారు 43 మిల్లీమీటర్ల పొడవు, 22 వెడల్పు, మందం 0.1, కాబట్టి కిరాణా కొట్లో దొరికేది ఏదైనా మీ రేజర్‌కి పడుతుంది. జపాన్ ఫెదర్ బ్లేడ్లు చాలా పదునని పేరు, వాటిని మొదటి నెల ముట్టుకోవద్దు. సూపర్‌మ్యాక్స్, జిల్లెట్ 7 ఓక్లాక్ లాంటి వాటితో మొదలుపెట్టి, చెయ్యి కుదిరేదాకా ఒకే రకం వాడండి. రోజుకో బ్రాండు మారిస్తే తప్పు బ్లేడుదో చేతిదో తేలదు.

ఎక్కించడం దగ్గరే సగం గాట్లు పడతాయి, అదీ వేళ్ళకి. చేతులు పొడిగా తుడుచుకోండి. కాగితం విప్పి బ్లేడుని పొడవైన అంచుల దగ్గర కాదు, పదును లేని రెండు చివర్ల దగ్గర, చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకోండి. పైమూతని బోర్లా పెట్టి, దాని మొలల మీద బ్లేడు కూర్చోబెట్టి, పైన పలక పెట్టి, పిడి తిప్పి బిగించాలి. బిగించేటప్పుడు కూడా తలని చివర్ల దగ్గరే పట్టుకోవాలి. చేతిలోంచి జారిందా, పడిపోనివ్వండి. నేను ఒకసారి సింకులోకి జారుతున్న రేజర్ని అలవాటుకొద్దీ పట్టుకోబోయాను, బొటనవేలు తెగి పదిహేను రోజులు అన్నం కలుపుకోవడం కష్టమైంది.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ప్రకాశం, నల్లగొండ వైపు బోరు నీళ్ళతో సబ్బు రుద్దినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, ఎంత రుద్దినా నురగ రాదు, తెల్లటి జిగురు వస్తుంది. నురగ లేకుండా ఈ రేజర్ ముఖం మీద పెట్టడం అంటే పొడి చర్మం మీద బ్లేడు లాగడమే. ఒక గ్లాసుడు తాగే నీళ్ళు గోరువెచ్చగా కాచి పక్కన పెట్టుకోండి, బ్రష్ తడపడానికీ నురగకీ అవి చాలు. స్నానం అయ్యాక గీసుకుంటే ఇంకా మంచిది, రెండు మూడు నిమిషాలు తడిలో నానిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది. క్రీమ్ అయినా సబ్బు అయినా పెరుగంత చిక్కగా, తడి మెరుపుతో ఉండాలి. పొడి నురగ గాలికి ఎండిపోతుంది.

గీసుకునే ముందు రోజు, గడ్డం కాస్త పెరిగి ఉన్నప్పుడు, అరచేత్తో ముఖం అంతా నిమిరి చూడండి. చెయ్యి నున్నగా జారే దిక్కు వాలు, గరగరమనే దిక్కు ఎదురు. బుగ్గల మీద చాలామందికి వాలు కిందికే ఉంటుంది, మెడ దగ్గరే మోసం, అక్కడ పక్కకి తిరుగుతుంది, కొందరికి కింది నుంచి పైకి ఉంటుంది, కంఠం పక్కన సుడి కూడా ఉండొచ్చు. సెలూన్లో "రివర్స్ కొట్టనా అన్నా?" అని అడిగితే అలవాటుగా ఊఁ అంటాం కానీ, అది చెయ్యి తిరిగినవాళ్ళ పని. మీరు మొదటి పదిహేను రోజులు వాలుకే, ఒక్కసారే గీసుకోండి. నున్నగా రాకపోతే రానివ్వండి.

పిడిని చివర్లో, మూడు వేళ్ళతో తేలిగ్గా పట్టుకోండి. రేజర్ తల పైభాగాన్ని బుగ్గకి ఆనించి, పిడి ముఖానికి అడ్డంగా ఉంచి, మెల్లగా కిందికి దించుతూ వస్తే ఒక చోట వెంట్రుక తెగుతున్న చిన్న చప్పుడు వినిపిస్తుంది, చెక్క మీద ఇసుక కాగితం రుద్దినట్టు. సుమారు 30 డిగ్రీల కోణం అది. దాన్ని వదలకుండా అంగుళం, మహా అయితే అంగుళంన్నర చొప్పున దించండి. రేజర్ బరువే వెంట్రుకని కోస్తుంది, మీ చెయ్యి దారి చూపిస్తే చాలు. ఎప్పుడూ పక్కకి జరపొద్దు, లోతు గాట్లు పడేది అలాగే. నురగ పోయిన చోట మళ్ళీ గీయొద్దు, ముందు నురగ రాయండి. మొదటి వారం చదునుగా ఉండే బుగ్గలకే ఈ రేజర్ వాడి, గడ్డం మొనా మీసం కిందా మెడా పాత రేజర్‌తోనే కానివ్వండి. కంఠం ఉండ మీద గీసేటప్పుడు చర్మాన్ని పక్కకి లాగి పట్టుకుంటే చదునవుతుంది. మొటిమలూ పుట్టుమచ్చలూ ఉన్న చోటు వదిలేయడమే మేలు.

అయ్యాక చల్లటి నీళ్ళతో కడుక్కుని తడిమీదే పటిక రుద్దండి. మన సెలూన్లలో పటిక ముక్క లేని అద్దం ఉండదు, చిన్న గాట్ల దగ్గర రక్తం ఆపుతుంది. నాకైతే అది గురువు కూడా. ఎక్కడ ఎక్కువ మండిందో అక్కడ నేను నొక్కానని అర్థం, మర్నాడు అక్కడ చెయ్యి ఇంకా తేలిక చేస్తాను. రక్తం ఆగకపోతే శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు అదిమి పట్టుకోండి, మధ్యలో తీసి తీసి చూడకండి. రక్తం పల్చబడే మందులు, అంటే గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఇది మొదలుపెట్టొద్దు. షుగర్ ఉన్నవాళ్ళకీ అదే మాట.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు 41 రోజుల తర్వాత ఇంటికొచ్చి, అంత గడ్డం మీద నేరుగా ఈ రేజర్ పెట్టొద్దు. పొడవు వెంట్రుకలు అంచుల్లో ఇరుక్కుని బ్లేడు ఆగుతుంది, ఆగిన చోట మనం నొక్కుతాం. ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టిగా చేసి, మర్నాడు గీసుకోండి. పెళ్ళి పొద్దునా ఇంటర్వ్యూ పొద్దునా కూడా మొదటిసారి వద్దు, కనీసం నెల ముందు మొదలుపెట్టండి.

మీ రేజర్ మీదే. అన్నదమ్ములైనా రూమ్మేట్లైనా బ్లేడు ఇవ్వొద్దు, తీసుకోవద్దు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది, కంటికి కనబడనంత మరక చాలు. బ్లేడు నాలుగైదు సార్లు వాడి, లాగుతున్నట్టు అనిపిస్తే అంతకు ముందే, మార్చేయండి. టవల్‌తో తుడవొద్దు, కడిగి దులిపి పిల్లలకి అందని చోట ఆరబెట్టండి. విమానంలో చేతి సంచిలో బ్లేడు రానివ్వరు, చెకిన్ బ్యాగులో పెట్టుకోండి.

తీసేసిన బ్లేడు కాగితంలో చుట్టి చెత్త కవర్లో వేస్తే, పొద్దున ఆ కవరు చేత్తో ఎత్తే మనిషి అరచేతిలో దిగుతుంది. మా ఇంట్లో ఒక పాత పౌడర్ రేకు డబ్బా ఉంది, మూత మీద బ్లేడు పట్టేంత సన్నటి గాడి పెట్టాను. ఏళ్ళ తరబడి నిండదు. నిండిన రోజున గాడి మీద టేపు అంటించి, పైన పెద్ద అక్షరాలతో "బ్లేడ్లు" అని రాసి, చెత్త బండి అన్న చేతికే ఇచ్చి, లోపల ఏముందో నోటితో చెప్పండి.